దారంతో కోసిన కొబ్బరి కేకు

ఇల్లు, వంటగది బల్ల

ప్రియమైన అక్కకి,

జవాబు ప్రెస్సు చిరునామాకే రాయి. ప్రూఫులు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు తీసుకుంటాను. ఇది ఫోనులో చెప్పే సంగతి కాదు. మన ఫోను అమ్మ కుట్టుమిషను పక్కనే ఉంటుంది. నేను మాట్లాడితే మిషను ఆగుతుంది.

నాకు ఉద్యోగం వచ్చింది. ఇంట్లో కూర్చుని ప్రెస్సుకి దిద్దిపెట్టే పని కాదు, అసలైన ఉద్యోగం. వేరే ఊళ్ళో పెద్ద ప్రచురణ సంస్థ. ప్రూఫ్ రీడర్లందరూ ఒకే గదిలో కూర్చుంటారట, కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉందట. ఉండటానికి వాళ్ళదే హాస్టలు, తినడానికి వాళ్ళదే మెస్సు. మూడు నెలల్లో చేరమన్నారు.

అమ్మకి ఆ ఉత్తరం చూపించాను. చదివి, మడిచి, నాకే ఇచ్చింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

“మెస్సులో గరిటె ఒకటే ఉంటుంది తల్లీ. గోధుమపిండి కలిపిన గరిటెతోనే నీ కూరా తిప్పుతారు. వాళ్ళకేం తెలుసు, వాళ్ళేం కన్నారా నిన్ను?” అని మళ్ళీ మిషను తొక్కసాగింది.

అంతే.

నువ్వు వెళ్ళాక ఇంట్లో కట్టుబాట్లు ఇంకా పెరిగాయి. యూనిఫారాలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు గడప దగ్గరే చేతులు కడుక్కోవాలి. మొన్న ఒక పిల్ల బిస్కెట్టు కొరుక్కుంటూ వచ్చింది. అమ్మ ఆ పిల్ల కొలతలు వీధిలోనే నిలబెట్టి తీసుకుంది. వాళ్ళమ్మ నా కిటికీ వైపు చూసి నవ్వింది. నేను తల దించుకున్నాను. స్కూల్లో సిస్టర్లు నన్ను జబ్బుపిల్లల గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి తినమనేవాళ్ళు, గుర్తుందా? అక్కడ పుస్తకాల బీరువా ఒకటి ఉండబట్టి సరిపోయింది. ఇరవై నాలుగేళ్ళొచ్చినా నేనింకా ఆ గదిలోనే ఉన్నట్టుంది. బీరువా మాత్రం పెద్దదైంది.

ఆదివారం కొబ్బరి కేకు ఇప్పటికీ చేస్తున్నాను. బియ్యప్పిండితో చేసింది నిలబడదు కదా. పొరలుగా కోద్దామని కత్తి పెడితే ఇసుకలా రాలుతుంది. అమ్మా నేనూ చెంచాలతో తింటాం. అమ్మ కూడా ఇన్నేళ్ళుగా గోధుమ ముట్టదు. “నువ్వు తినంది నా గొంతు దిగుతుందా” అంటుంది.

ఒకటి అడగాలనే ఈ ఉత్తరం. ఆరేళ్ళప్పుడు నేను పుల్లలా అయిపోతే, ముసలి డాక్టరుగారు “గోధుమ మానేసి చూడండి” అన్నారట. మాన్పించారు, కోలుకున్నాను. ఆయన చూడమన్నారు గానీ, జన్మంతా చూస్తూ ఉండమన్నారా? నువ్వు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్నావు. గోధుమ పడని ఈ జబ్బు నాకు నిజంగా ఉందో లేదో తేల్చే పరీక్ష ఏదైనా ఉందా?

నీ
పిచ్చుక


ల్యాబ్, టీ వేళ

ఒసేయ్ పిచ్చుకా,

ఉద్యోగమా! మనుషులు పలకరిస్తే పుస్తకంలో తల దూర్చే నీకా! నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి ఎగిరి లేచాను. మా ల్యాబు పెద్దాయన “ఏమ్మా, మంచి రిపోర్టా?” అన్నాడు. “మా చెల్లెలికి రెక్కలొచ్చాయండీ” అన్నాను. ఆయనకేం అర్థమైందో, రెండు చేతులూ జోడించాడు.

పరీక్ష ఉంది. రోజూ చేస్తూనే ఉంటాను. కానీ ఒక మెలిక ఉంది. గోధుమ తింటున్న మనిషి రక్తంలోనే ఆ జబ్బు కనపడుతుంది. నువ్వు పద్దెనిమిదేళ్ళుగా తినలేదు. ఇప్పుడు రక్తం తీస్తే, దొంగ ఊళ్ళో లేనప్పుడు ఇల్లు సోదా చేసినట్టే. రోజూ కొంచెం కొంచెం, కనీసం ఆరు వారాలు తిని, అప్పుడివ్వాలి. మా డాక్టరమ్మని అడిగే రాస్తున్నాను. మధ్యలో కడుపు తిప్పినా, ఒళ్ళు వశం తప్పినా వెంటనే ఆపెయ్యాలి, అది గుర్తుంచుకో.

నా దగ్గరికి రమ్మందామంటే మా కొంప నీకు తెలుసు. ఒకటే గది, దానికో తెర, తెర అవతల మా అత్తగారు. మీ బావ గురక సరేసరి. పడుకోవడానికి నీకు చోటు గోడ మీద బల్లి పక్కనే.

అమ్మతో చెప్పి చెయ్యొచ్చు. చెప్పి చూడు, నీ ధైర్యం! నీ నోట్లో ముద్ద పడకముందే ఆవిడ మూర్ఛపోతుంది. అంతకంటే ఆ కేకులో మైదా కలిపెయ్యవే, పీడా పోతుంది. అదీ తెలుపే, ఇదీ తెలుపే. పైన కొబ్బరి చల్లితే కన్నతల్లికి తెలుస్తుందా, కట్టుకున్నవాడికి తెలుస్తుందా?

అక్క


ఇల్లు, నా గది

ప్రియమైన అక్కకి,

కలిపేశాను.

ముందు నుంచీ చెబుతాను. కేకు పిండి కలిపి పెట్టడం ఎప్పుడూ నా పనే. బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి కలిపి జల్లించి, పొయ్యి పక్క అరలో ఉన్న మూత డబ్బాలో పోస్తాను. పోయిన వారం డబ్బా ఖాళీ అయింది. ప్రెస్సు నుంచి వస్తూ మైదా పొట్లం కొన్నాను. కొట్టతను “ఇంకేమైనా కావాలామ్మా” అంటే పారిపోయినంత పని చేశాను. ప్రూఫుల కట్టలో పెట్టి ఇంటికి తెచ్చాను. అమ్మ వీధి చివర దారం కొనడానికి వెళ్ళినప్పుడు సగం అది, సగం ఇది జల్లించి డబ్బా నింపాను. ముక్కుకి గుడ్డ కట్టుకున్నాను. పీలిస్తేనే ఏదో అవుతుందని భయం.

ఆదివారం అమ్మ నా పక్కనే నిలబడింది, ఎప్పటిలాగే. వెన్న, పంచదార కలిపి గిలకొట్టాను. గుడ్లు ఒక్కొక్కటే వేశాను. కొబ్బరిపాలు పోశాను. పిండి ఒక్కసారే కుమ్మరించబోయాను. “నెమ్మదిగా, ఏం తొందర” అంది అమ్మ. పిండి సాగింది అక్కా. గరిటెకి పట్టుకుని సాగింది. అలా ఎప్పుడూ చూడలేదు. అమ్మ చూస్తుందేమోనని ఎండుకొబ్బరి పొడి గబగబా కలిపేశాను.

ఓవెన్ తలుపు తెరిస్తే కేకు గిన్నె అంచు దాటి లేచి ఉంది. చల్లారాక అమ్మ మిషను దగ్గర నుంచి తెల్లదారం తెచ్చింది. కేకుని పొరలుగా కోయడానికి దారం మంచిదని ఎప్పుడో ఎక్కడో చదివిందట. ఏళ్ళ తరబడి ప్రయత్నిస్తూనే ఉంది, ప్రతిసారీ రాలిపోయేది. ఈసారి దారం చుట్టూ చుట్టి, రెండు కొసలూ మెలేసి లాగింది. కేకు చప్పుడు లేకుండా రెండైంది. అంచులు బట్ట కత్తిరించినట్టు ఉన్నాయి.

అమ్మ ఆ అంచుని వేలితో తడిమి చూసింది. “ఏమేవ్, ఇన్నాళ్ళకి చెయ్యి తిరిగిందే నీకు” అంది.

మధ్యలో కొబ్బరి, మీగడ పరిచి, పొర మీద పొర పెట్టి కోశాను. నా ముక్క తిన్నాను. చావు ఎలా వస్తుందో చూద్దామన్నట్టు గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఏమీ రాలేదు. ఆకలేసింది, అంతే.

అమ్మ రెండు ముక్కలు తింది.

పిచ్చుక


ఇంటి మెట్లు, బట్టలారేసే చోటు

పిచ్చుకా,

నేను సరదాకన్నానే తల్లీ! నువ్వు నిజంగా చేస్తావనుకోలేదు. నీ ఉత్తరం చదివితే నాకే చెమటలు పట్టాయి. నీకేమైనా అయితే అమ్మ ముందు నన్ను చంపి, తర్వాత వైద్యుడికి కబురు పెడుతుంది.

అయినా, చేశావు. ఏమీ కాలేదు. ఇంక వెనక్కి పోకు. రోజుకో ముక్క తిను. ఎలా ఉన్నావో నాకు మాత్రం రాస్తూ ఉండు.

అమ్మ తిందని బెంగ పడకు. ఆవిడ నీకు తోడుగా మానేసింది గానీ ఆవిడకేం రోగం? రాయి తిన్నా అరిగించుకుంటుంది. ఒక రకంగా మంచిదే, పద్దెనిమిదేళ్ళ తర్వాత నోటికి రుచి తగిలింది పాపం.

ఉద్యోగంలో చేరాక మా ఊరు నీకు రైల్లో ఒక పూట. ఆదివారాలు రా. తెరకి ఇవతల చోటు చేస్తాను, బల్లిని బతిమాలి.

అక్క


ఇల్లు, వంటగది బల్ల

ప్రియమైన అక్కకి,

నేను బాగున్నాను. సిగ్గేసేంత బాగున్నాను. పాత గౌను భుజాల దగ్గర బిగుతైంది. అమ్మ విప్పి కుట్టింది. “నా వంట ఇన్నాళ్ళకి ఒంటబట్టింది” అంది.

ఆ కేకు ఇప్పుడు మా వీధిలో పేరు మోసింది. అమ్మ పై వాటా ఆవిడకి పంపింది. ఆవిడ కిందికి దిగి వచ్చి, “మైదా లేకుండా ఇంత మెత్తగా ఎలా చేశావమ్మాయీ, కొట్టులో కూడా దొరకదు” అంది. నేను జవాబు చెప్పేలోపే అమ్మ అందుకుంది. “మా అమ్మాయి చెయ్యి అలాంటిదండీ. చదువుకున్న పిల్ల కదా, కొలతలు తప్పదు.” నా గురించి అమ్మ పరాయివాళ్ళ ముందు మెచ్చుకుంటూ మాట్లాడటం నేను వినడం అదే మొదలు. ఇప్పుడు వారానికి రెండు కేకులు కావాలంటోంది. ఆ డబ్బాలో పిండి కూడా తొందరగా అయిపోతోంది. అమ్మ తను తాగే సూపు చిక్కబడటానికి రోజూ అందులోంచే ఒక చెంచా వేసుకుంటుంది.

అమ్మ ఒంట్లో బాగోలేదు. కడుపు ఉబ్బరం అంటుంది. మధ్యాహ్నానికే మంచమెక్కుతుంది. అన్నం దగ్గర కూర్చుని లేచిపోతుంది. అడిగితే, “దిగులు తల్లీ. నువ్వెళ్ళిపోతావని లోపల ఏదో తినేస్తోంది నన్ను” అంటుంది. ఆ మాట నా కళ్ళలోకి చూస్తూ అంటుంది.

నీకు చెప్పకుండా ఎవరికి చెప్పను? నాకు జాలి కలగడం లేదు. కోపం వస్తోంది. నేను వెళ్ళే నెల దగ్గరపడే కొద్దీ ఆవిడ మంచానికి దగ్గరవుతోంది. నేను ప్రూఫులు దిద్దుతుంటే గోడ అవతల నుంచి మూలుగు వినిపిస్తుంది. నేను లేచి వెళితే ఆగుతుంది. తిరిగొస్తే మొదలవుతుంది. తలుపు తీసే ఉంది అక్కా, గొళ్ళెం కూడా లేదు. కానీ ఆ మూలుగు దాటి గడప దిగడం ఎలాగో తెలియడం లేదు.

నేను చెడ్డదాన్నేమో.

పిచ్చుక


ల్యాబ్

పిచ్చుకా,

నువ్వు చెడ్డదానివి కాదు. నువ్వు రెండోదానివి. మొదటిదాన్ని నేను, నాకు తెలుసు.

నా పెళ్ళి కుదిరినప్పుడు ఏమైందో నీకు తెలీదు, పుస్తకంలోంచి తలెత్తితేగా. అమ్మ మంచం పట్టింది. తలనొప్పి, గుండెదడ, కళ్ళు తిరగడం. డాక్టరు వచ్చి నాడి చూసి, “అమ్మా, మీకంటే నాకే ఎక్కువ కొట్టుకుంటోంది” అన్నాడు. నేను పెట్టె సర్దుకుని రైలెక్కేసరికి, లేచి కూర్చుని నాకు దారికి తిండి కట్టిచ్చింది. ఇదీ అంతే. నాటకం. కావాలని చేస్తుందనను, ఆవిడకే తెలియకుండా చేస్తుంది. నువ్వు కరిగావంటే అయిపోయింది. ఇక జన్మంతా ఆ మిషను చప్పుడు వింటూ కూర్చోవాల్సిందే.

వారాలు నిండబోతున్నాయి. ఆపకు. తింటూ ఉండు. నిండగానే అక్కడి క్లినిక్కులో రక్తం ఇచ్చి మా ల్యాబుకి పంపమను. నా చేత్తో చేస్తాను.

అక్క


క్లినిక్, వరండా బెంచీ

అక్కకి,

పెన్సిలుతో రాస్తున్నాను, ఏమనుకోకు.

అమ్మ పడిపోయింది. రెండు రోజుల ముందే నేను గమనించాల్సింది. కుట్టిన చొక్కాలు తిరిగొచ్చాయి. ఒక్కోదానికి రెండు చేతులూ ఎడమవే. అమ్మ! కళ్ళు మూసుకుని కాలరు కుట్టగల అమ్మ! “మనసు మనసులో లేదు” అంది. ఇవాళ పొద్దున్న విప్పి కుడదామని మిషను ముందు కూర్చుంది. నేను గోడ అవతల ఉన్నాను. మిషను ఆగింది. మళ్ళీ మూలుగు మొదలవుతుంది కాబోలని కదలకుండా కూర్చున్నాను. కదలలేదు అక్కా, కావాలనే. ఎంతసేపైనా మూలుగు రాలేదు. అప్పుడు లేచాను.

పై వాటా ఆవిడ, నేను కలిసి మోసుకొచ్చాం. అంత తేలికగా ఉంది. లంగా నాడా ఎన్నిసార్లు చుట్టుకుందో నడుం చుట్టూ. డాక్టరమ్మ నోరు తెరవమంది. నేనూ చూశాను. లోపలంతా పుళ్ళు.

నాటకానికి నోట్లో పుళ్ళు రావు అక్కా.

రక్తం బాగా తగ్గిపోయిందన్నారు. సెలైను ఎక్కిస్తున్నారు. నా రక్తం ఇవ్వాల్సిన రోజు కూడా ఇదే. నవ్వొచ్చింది. ఇచ్చాను. అమ్మదీ తీశారు. రెండు గొట్టాలూ ఒకే పెట్టెలో నీ దగ్గరికి వస్తున్నాయి. చీటీలు సరిగ్గా చూసుకో.

పిచ్చుక


ల్యాబ్, అందరూ వెళ్ళాక

చెల్లీ,

నీది శుభ్రంగా ఉంది. నీకు ఏ జబ్బూ లేదు. నువ్వు ఏమైనా తినొచ్చు, ఎక్కడైనా తినొచ్చు. ఆరేళ్ళప్పుడు వచ్చింది ఇంకేదో అయ్యుంటుంది. చిన్నపిల్లలకి వస్తుంది, పోతుంది. గోధుమ మానేసినప్పుడే అదీ తగ్గింది. తాటిపండు పడింది, కాకి ఎగిరింది. మనం కాకిని పట్టుకున్నాం.

అమ్మ చీటీ మీద చెయ్యమని రాసిన పరీక్ష రక్తం శాతం ఒక్కటే. నువ్వు పుళ్ళని రాశావు కదా, నా మనసు ఒప్పలేదు. నీకు చేసిన పరీక్షే ఆవిడకీ చేశాను. గోధుమ జబ్బు ఆవిడది. నమ్మలేక మళ్ళీ చేశాను. మళ్ళీ అదే. పేగు చూసి ఖాయం చెయ్యాలి, అక్కడి డాక్టరమ్మకి ఫోను చేసి చెప్పాను. కానీ నాకు అనుమానం లేదు.

నీకు గుర్తుండదు. నేను పదేళ్ళదాన్ని, నాకు గుర్తుంది. అప్పట్లో అమ్మ గోడ పట్టుకుని నడిచేది. కాన్పులని, నాన్న పోయిన దిగులని అనేవాళ్ళు. నీకోసం ఇంట్లో గోధుమ మానేశాక ఆవిడ లేచి తిరిగింది. “పిల్ల కోలుకుంది, నాకూ ప్రాణం లేచొచ్చింది” అనేది. అదే అనుకున్నాం అందరం. కూతుర్ని కాపాడాననుకుని ఆవిడ తనని తాను కాపాడుకుంది, తనకే తెలియకుండా.

మనం మళ్ళీ తినిపించాం.

మనం అంటున్నానా? నేను ఏదో సరదాకన్న మాట అది, నీకు తెలుసు. సరే, ఇప్పుడు ఎవరిదని కాదు. ఆ డబ్బా బయట పారెయ్యి. గిన్నెలు, జల్లెడ, అన్నీ. అమ్మకి చెప్పకు. ఇన్నాళ్ళూ లోపల ఉన్న జబ్బు వయసుతో బయటపడిందని చెబుదాం. డాక్టరమ్మతో నేను మాట్లాడతాను.

ఇంకొకటి. నువ్వు ఇప్పట్లో వెళ్ళడం కుదరదు కదా. ఆవిడకి తోడుండాలి, వంట చూసుకోవాలి. నా సంగతి తెలుసు, తెర, అత్తగారు. ఒక ఏడాది ఆగితే కొంప మునగదు. ఉద్యోగాలు ఎక్కడికి పోతాయి?

అక్క


ఇల్లు, వంటగది బల్ల

ప్రియమైన అక్కకి,

చెప్పేశాను. నీ మాట కాదన్నందుకు కోపం తెచ్చుకోకు. అచ్చుతప్పు కనపడ్డాక దిద్దకుండా పేజీ తిప్పడం నాకు చేతకాదు. గొప్పకి అనడం లేదు, నిద్ర పట్టదు, అంతే.

ముందు నా రిపోర్టు సంగతి చెప్పాను. అమ్మ దిండు మీద నుంచి లేచి కూర్చుంది.

“నీకేం లేదా?”

“లేదమ్మా.”

“అసలేం లేదా? సరిగ్గా చూశారా?”

“అక్కే చేసింది. ఏం లేదు.”

ఏడ్చింది. నా రెండు చెంపలూ పట్టుకుని, “నా తల్లే, నా బంగారమే” అని ఏడ్చింది. అక్కడితో ఆపేయొచ్చు. ఆపేద్దామనుకున్నాను కూడా. అంతలో అమ్మే అడిగింది. “గోధుమ తినకుండా పరీక్షలో ఎలా తెలుస్తుందే? డాక్టరమ్మ చెప్పిందే, తింటుంటేనే తెలుస్తుందని.”

చెప్పాను. డబ్బా, మైదా, అన్నీ. నీ మాట చెప్పలేదు. కలిపింది నేను.

అమ్మ నా చెంపల మీంచి చేతులు తీసింది. విసురుగా కాదు. వేడి గిన్నె మీద నుంచి తీసినట్టు.

“ఎప్పటి నుంచి?”

“దారంతో కోశావే, ఆ ఆదివారం నుంచి.”

దుప్పటి మడతలు సరిచేసుకుంది. తర్వాత, “నేను మా అమ్మాయి చెయ్యి అని ఊరంతా చెప్పుకున్నానే” అంది. జబ్బు గురించి ఒక్క మాట అనలేదు అక్కా. అదొక్కటే అంది.

ఇంటికొచ్చి వారమైంది. డబ్బా, జల్లెడ పారేశాను. అరలు సోడాతో కడిగాను. గడప దగ్గర చేతులు కడుక్కోమని ఇప్పుడు నేను చెబుతున్నాను జనానికి. నిన్న ఒకావిడ చేతిసంచిలో రొట్టె ఉందని బయటే ఉంచమన్నాను. ఆవిడ నవ్వింది. ఈసారి నేను తల దించుకోలేదు. నా గొంతు అచ్చం అమ్మ గొంతులా ఉంది. భయమేసింది.

అమ్మ కొంచెం తేరుకుంది. మొన్న నేను బియ్యప్పిండి కొత్తది పట్టించి సూపు చేశాను. గిన్నె ఆవిడ ముందు పెట్టాను. దాన్ని చూసింది. చెంచా ముట్టలేదు. లేచి గోడ పట్టుకుని వంటగదిలోకి వెళ్ళి, రెండు బంగాళాదుంపలు ఉడకబెట్టుకుంది. నిలబడే ఒలుచుకుని తింది.

“అమ్మా, అందులో ఏం లేదు. నా మీద ఒట్టు.”

“తెలుసే. లేదని తెలుసు” అంది. “కానీ నా గొంతుకి తెలీదు.”

నేను ఏడుస్తుంటే నా తల మీద చెయ్యి వేసింది. “నువ్వెళ్ళు. కోపంతో అనడం లేదు. ఇన్నేళ్ళూ నీ పథ్యమని నా పథ్యం నేనే వండుకున్నాను. ఇది నాకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. నువ్విక్కడే ఉంటే మూడు పూటలా నాకు వండుతానంటావు. నేను మూడు పూటలా వద్దనాలి. అది నా వల్ల కాదు తల్లీ.”

ఏం చెయ్యను అక్కా?

పిచ్చుక


ఇల్లు, తెర ఇవతల

పిచ్చుకా,

ఏం చెయ్యను అని అడుగుతావేంటి? ఉండు. ఆవిడ వెళ్ళమంటే వెళ్ళిపోవడమేనా? కోపంలో వందంటారు తల్లులు. నాలుగు రోజులు పోతే ఆవిడే తింటుంది.

అసలెందుకు చెప్పావు? నోరు మూసుకుని ఉంటే అందరం బాగుండేవాళ్ళం. నువ్వు అక్కడ, ఆవిడ నీ దగ్గర. నేను ఇక్కడ నా పనేదో చూసుకునేదాన్ని. ఇన్నేళ్ళు నేను ఆ గడప తొక్కకుండా ఎలా ఉన్నాననుకున్నావు? నువ్వున్నావనే కదా. నువ్వు కూడా వెళ్ళిపోతే ఆ మూలుగు ఇంక నాకే వినపడుతుంది. ఇక్కడి దాకా వినపడుతుంది.

రాసేశాను. కొట్టెయ్యను. ప్రూఫ్ రీడరువి కదా, నువ్వే దిద్దుకో.

నా పేరు అమ్మకి చెప్పనందుకు నీకు రుణపడ్డ

అక్క


హాస్టలు, మెస్సు కిటికీ పక్కన

ప్రియమైన అక్కకి,

వచ్చేశాను. నీ ఉత్తరం రైలెక్కే ముందే నాకు అందింది. మూడుసార్లు చదివాను. దిద్దడానికి అందులో ఏమీ లేదు.

బయల్దేరే ముందు అమ్మ నాకు దారికి తిండి కట్టివ్వలేదు. “దోవలో ఏదైనా కొనుక్కుని తినొచ్చు కదా నువ్వు” అంది. ఆ మాట కొత్తగా ఉంది, ఆవిడ నోటికీ నా చెవికీ. వీధి మలుపు దాకా వచ్చింది, గోడ పట్టుకోకుండా.

ఇక్కడ నా బల్ల కిటికీ పక్కనే. పక్క బల్ల ఆవిడకి కళ్ళజోడు తలమీద పెట్టుకుని అదే కళ్ళజోడు కోసం వెతకడం అలవాటు. మెస్సులో పొడవాటి బల్లలు. గరిటె ఒకటే, అమ్మ చెప్పినట్టే. రొట్టె వడ్డించిన చేత్తోనే కూర వడ్డిస్తారు. మొదటి రోజు వరసలో నిలబడి, నా వంతు వచ్చేసరికి, “నాకు వద్దు, నేను తినకూడదు” అన్నాను. వడ్డించేవాడు “ఎందుకమ్మా?” అన్నాడు. ఎందుకో చెప్పలేక వరసలోంచి పక్కకి వచ్చేశాను. గదిలోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి పడుకున్నాను. ఇప్పుడు తింటున్నాను. కానీ ప్రతి పూటా మొదటి ముద్దకి గోడ వైపు చూస్తాను, ఆనుకోవడానికి ఎంత దూరముందో అని.

ఆదివారం అమ్మకి ఫోను చేస్తాను. ఇక్కడి ఫోను కూడా హాల్లోనే ఉంది. మాట్లాడుతుంటే వరసలో వెనకున్నవాళ్ళు వింటారు. ఆవిడ ముందు, “ఏం తిన్నావు?” అంటుంది. నేను అన్నీ చెబుతాను, ఒక్కటి కూడా దాచకుండా. తను గుచ్చి గుచ్చి అడుగుతుంది, మెత్తగా ఉందా, రుచిగా ఉందా అని. నవ్వుతుంది కూడా. తర్వాత నేను, “నువ్వేం తిన్నావమ్మా?” అంటాను.

“నేను వండుకున్నదే” అంటుంది.

అంతటితో మాటలు అయిపోతాయి. ఆవిడ కోపంగా అనదు. మామూలుగా అంటుంది. కిందటి ఆదివారమూ అదే, ఈ ఆదివారమూ అదే. పెట్టేసేముందు ఇద్దరం కాసేపు ఊరికే ఫోను పట్టుకుని ఉంటాం. మిషను చప్పుడు ఉండదు.

అక్కా, నువ్వొకసారి ఇంటికి వెళ్ళు. నా కోసమని కాదు, ఆవిడ కోసమని కూడా అనను. వెళ్ళి, చేతులు కడుక్కుని, ఆవిడ వంటగదిలో ఏదైనా వండు. ఆవిడ చూస్తుండగా వండు. తిన్నదో లేదో నాకు రాయి. తినకపోయినా రాయి.

నీ
పిచ్చుక